కాఫీ చెట్టా, మొక్కా

చినగరువు (అరకు),
ఆగస్టు 8, 2025.

చెల్లి రమణికి, అన్నయ్య రవిబాబు ఆశీస్సులు.

ఇక్కడ అందరం బాగున్నాం. సీతంపేటలో మీరూ అలాగే ఉన్నారనుకుంటాను. ఫోనులో అయితే మూడో మాటకే నేను గొంతు పెంచుతాననీ, ఉత్తరంలో ఎంత అరిచినా వినపడదనీ మీ వదినతో అన్నావట. సరే, నీ మాటే కానీ. ఇక్కడ సిగ్నలు కావాలంటే ఎలాగూ ఎదురు కొండ ఎక్కాలి. దానికంటే శుక్రవారం సంతకి వెళ్ళినప్పుడు అరకులో ఉత్తరం పడేసి రావడమే సుఖం. పదో తరగతి పరీక్షల తర్వాత నేను ఇంత పొడుగు రాయడం ఇదే.

వానలు బాగానే పడ్డాయి. వరి నాట్లు అయిపోయాయి, కాఫీ కాయ పట్టింది. నాగలక్ష్మి పాడేరు హాస్టల్లో ఉండి ఇంటరు చదువుతోంది. చిన్నది రత్నాలు బడిలో కంటే చెట్ల మీద ఎక్కువ ఉంటోంది. మీ వదిన దాన్ని తిట్టినప్పుడల్లా నీ పేరే ఎత్తుతోంది.

అసలు సంగతి ఇది. నాన్న పోయి ఏడాది దాటింది. పల్లపు మడులు, చోళ్ళు చల్లే గరువు, పైన కాఫీ తోట, అన్నీ ఇంకా సోంబరు అనే పేరు మీదే ఉన్నాయి. నా పేరుకి మారితే గానీ తోటకి ఏ సాయమూ అందదు. చెల్లెలికి అభ్యంతరం లేదని సంతకం తెమ్మన్నారు ఆఫీసులో. దీనితో ఒక కాగితం పంపుతున్నాను. గీత గీసిన చోట సంతకం పెట్టి బేగి పంపించు. చదవక్కర్లేదు, అందరూ పెట్టేదే.

బావకీ, మేనకోడలు వెన్నెలకీ అడిగానని చెప్పు.

నీ అన్నయ్య
రవిబాబు


సీతంపేట,
ఆగస్టు 20, 2025.

అన్నయ్యకి రమణి నమస్కారాలు.

చదవక్కర్లేదన్నావు కాబట్టి రెండుసార్లు చదివాను. సంతకం పెట్టలేదు. కాగితం బీరువాలో భద్రంగా ఉంది, కంగారుపడకు.

నువ్వు గొంతు పెంచే లోపల నా మాట కూడా విను. నేను ఏఎన్ఎంగా తిరిగే ఊళ్ళ ఆడవాళ్ళందరినీ పిలిచి మొన్న ఇక్కడ చట్టాల మీద మీటింగు పెట్టారు. పార్వతీపురం నుంచి ఒక లాయరమ్మ వచ్చింది. 2005లో హిందూ వారసత్వ చట్టం మార్చారట. తండ్రి తాతల ఆస్తిలో కొడుక్కెంతో కూతురికీ అంతే, పెళ్ళయినా సరే, పుట్టుకతోనే వచ్చే హక్కు అని విడమరిచి చెప్పింది. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది నేనే. కాబట్టి అన్నయ్యా, నాన్న భూమిలో నా వాటా నాకు కావాలి.

తిండికి లేక అడుగుతున్నానని ఊళ్ళో చెప్పకు. నాకు జీతం ఉంది, మీ బావకి బడి ఉద్యోగం ఉంది. నాన్న దినం నాడు ఏం జరిగిందో గుర్తుందా? వంట దగ్గరికి వెళ్ళబోతుంటే, "నువ్వు కూకో అమ్మా, సుట్టానివి" అన్నారు. చుట్టాల వరసలో కూర్చోబెట్టి, వడ్డించి, చేతికి చీర పెట్టి బస్సెక్కించారు. దారంతా ఏడ్చాను. నాన్న జ్వరంతో పడుకున్న నెలంతా సెలవు పెట్టి మంచం దగ్గరున్న మనిషిని, ఆయన పోయిన పూటకి చుట్టాన్నయిపోయాను. నేను సోంబరు కూతుర్నని ఆ ఊళ్ళో ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి. నేనడిగేది అదే.

ఇంకో మాట. నాన్న సింహాచలం వెళ్ళినప్పుడు నామాలు పెట్టుకుని తీయించుకున్న ఫోటో మీ దగ్గరే ఉంది. అది నాకు తప్పకుండా పంపు, చాలా అవసరం.

వదినకి ఒక నేత చీర పంపుతున్నాను. రంగు నచ్చకపోతే రాయమను.

నీ చెల్లి
రమణి


చినగరువు,
సెప్టెంబరు 5, 2025.

రమణికి,

చీర అందింది. మీ వదిన కట్టుకుని ఊరంతా తిరిగింది. నా ఇంట్లోనే నీకొక ఓటు కొన్నావన్నమాట.

నీ ఉత్తరం చూసి రెండు రోజులు అన్నం సహించలేదు. నాగలక్ష్మిని చూసినట్టూ ఉంటుందని పాడేరు వెళ్ళి, గణపతిరావు అనే ప్లీడరుని కలిశాను. నీ లాయరమ్మ చెప్పిన చట్టం గురించి అడిగితే ఆయన పుస్తకం తీసి మొదట్లోనే ఉన్న ఒక ముక్క చదివి వినిపించాడు. ఢిల్లీ వాళ్ళు వేరేగా ప్రకటిస్తే తప్ప, ఆ చట్టం షెడ్యూల్డు తెగలకి వర్తించదు. రమణీ, మనం ఆ చట్టంలో లేనే లేము. పాడేరు నుంచి జీపులో నవ్వుకుంటూ వచ్చాను, పక్కన కూర్చున్నాయన నన్ను అనుమానంగా చూశాడు.

అయితే ఆ నవ్వు ఇంటికొచ్చేదాకా నిలవలేదు. ప్లీడరు ఇంకో మాట కూడా అన్నాడు. కోర్టుకెళ్తే మీ చెల్లెలు, మేము తెగ ఆచారాలు వదిలేసి హిందువుల్లాగే బతుకుతున్నాం, మాకూ ఆ చట్టమే వర్తింపజేయండి అని వాదించొచ్చట. గుడికెళ్ళిన ఫోటోలు అవీ సాక్ష్యంగా పెడతారట. అప్పుడు అర్థమైంది నామాల ఫోటో నీకెందుకంత అవసరమో.

ఒక వాటా కోసం మన తెగనే కాదనుకుంటావా? అప్పన్నని చూడాలని ముసలాయన ముచ్చటపడి ఒక్కసారి వెళ్ళొచ్చాడు. తిరిగొచ్చిన వారానికే మన కొండదేవతకి కోడిని కోశాడు, అది కూడా కోర్టులో రాసివ్వు. రేపు నా పిల్లల కుల సర్టిఫికెట్లు పోతే నాగలక్ష్మి సీటు నువ్విప్పిస్తావా? ఇంత తెలివి నీకు ఎవరు నేర్పారో గానీ నా కడుపు మండిపోతోంది. ఫోటో పంపను.

అదీగాక నీకు భూమి ఇస్తే అది సీతంపేట పోతుంది. నాన్న చెమట ఇంకో ఊరి పాలవడం నేను చూడలేను.

రవిబాబు


సీతంపేట,
సెప్టెంబరు 18, 2025.

అన్నయ్యకి,

ఈసారి ఆశీస్సులు కూడా లేకుండా రాశావు. ఫర్వాలేదు, పోయినసారివి కొన్ని మిగిలాయి, వాటితో సరిపెట్టుకున్నాను.

ముందు ఫోటో సంగతి. దాన్ని పెద్దది చేయించి మా ముందుగదిలో పెట్టుకుందామనుకున్నాను. నాన్న నవ్విన ఫోటో అదొక్కటే. మిగతా అన్నిట్లోనూ ఆధార్ కోసం తీసినట్టు బిగుసుకుని ఉంటాడు. నా కోరికని నువ్వు కోర్టు మెట్లెక్కించావు. నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది, చివరికి ఏడుపే గెలిచింది. గుళ్ళో దణ్ణం పెట్టుకున్నంత మాత్రాన సర్టిఫికెట్లు పోవు, ఆ దిగులు వదిలెయ్. నేను కొండ మీద పుట్టాను, కొండ మనిషిగానే నా వాటా అడుగుతాను. మనం మనం కాదని చెప్పి గెలవాల్సి వస్తే ఆ గెలుపు నాకొద్దు.

ఇక నీ ప్లీడరు చెప్పింది నిజమే. లాయరమ్మని మళ్ళీ కలిసి అడిగాను. పల్లపు ఊళ్ళవాళ్ళకి చెప్పే పాఠమే ఇక్కడా చెప్పేశానని ఆవిడ ఒప్పుకుంది. ఆ చట్టం కొండ కిందిదాకా వచ్చి ఆగిపోయింది. మైదానం నుంచి వచ్చి నాతో పనిచేసే ఏఎన్ఎంకి ఉన్న హక్కు నాకు లేదు, ఇద్దరం మోసేది ఒకటే టీకాల పెట్టె. ఆ రాత్రి నాకు చాలా కోపం వచ్చింది, దాచుకోను.

అయితే కోపం దిగాక ఒకటి తట్టింది. ఆ చట్టం నాకు ఇవ్వమనలేదు, నిజమే. అంతా నీకే ఇమ్మని మాత్రం ఎక్కడ రాసింది? మన సంగతి మన ఆచారానికి వదిలేసింది, అంతే. మొన్న జూలైలో ఇలాంటి ఒక గిరిజన కుటుంబం తగువులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చిందట. ఆడపిల్లకి ఇవ్వకూడదనే ఆచారం ఉందనేవాళ్ళు దాన్ని చూపించాలి, చూపించలేకపోతే ఆడపిల్లని తోసెయ్యడం కుదరదని. కాబట్టి చూపించు అన్నయ్యా. కోర్టులో కాదు, మన ఊళ్ళోనే. ఊరి పెద్దలైన నాయుడు తాతనీ, దిసారి మామనీ, అసిరమ్మ అత్తనీ కూర్చోబెట్టి అడుగు. వాళ్ళేమంటే దానికి నేను కట్టుబడతాను.

భూమి సీతంపేట పోతుందన్నావు. అది ఆర్టీసీ బస్సెక్కే రకం కాదు, అక్కడే ఉంటుంది.

పోట్లాటలోనూ నీ చెల్లినే,
రమణి


చినగరువు,
అక్టోబరు 10, 2025.

చెల్లి రమణికి, ఆశీస్సులు. (ఈసారి కొత్తవే.)

ఫోటో ఇందులో పెట్టాను. అట్టముక్కల మధ్య ఉంచాను, మడత పడకూడదని. కోర్టు అనుకుని ఏదేదో రాశాను. నువ్వు ఏడ్చావని చదివి వినిపిస్తే మీ వదిన రెండు పూటలు నాతో మాట్లాడలేదు.

నువ్వన్నట్టే పెద్దలని అడిగాను. నాయుడు తాత ఊరి పెద్ద కాబట్టి ముందు ఆయన దగ్గరికి, తర్వాత దిసారి మామ దగ్గరికి వెళ్ళాను. మన పండగలకీ పంటలకీ రోజు పెట్టేది ఆయనే కదా, పాత సంగతులు ఆయనకే తెలుస్తాయి. ఇద్దరూ ఒకటే చెప్పారు. మట్టి మగపిల్లలది. అయితే ఆడపిల్ల పుట్టింట్లో తన చేత్తో నాటిన చెట్టు ఆమెది. పెళ్ళయి వెళ్ళినా ఆమెదే. అది నిలిచి ఉన్నన్నాళ్ళు కాయ ఆమెది, కొమ్మ ఆమెది, దాని మొదట్లో ఎవరూ నాగలి పెట్టకూడదు. అసిరమ్మ అత్త పెళ్ళికి ముందు నాటిన పనస చెట్టు ఇప్పటికీ గాసి పొలం మధ్యలో ఉంది చూడు. గాసి మన చిన్నాన్న కొడుకు, పొలం వాడిదే, అయినా దాని ఆకు కూడా తుంచడు. అదీ మన ఆచారం.

ఇంటి వెనకున్న పనస నువ్వు నాటిందే. అది నీది, నేను కాదనను. ఏటా కాయలు పంపిస్తాను. గాసి అయితే నాకంటే గట్టిగా నా తరఫున మాట్లాడుతున్నాడు. సొంత తమ్ముడు కూడా ఇంత పూసుకోడు.

నవంబరు మొదటి ఆదివారం బడి అరుగు మీద కూర్చుని అందరి ముందూ ఖాయం చేస్తారు. అంత దూరం రావడానికి నీకు సెలవు దొరకదేమో. చెప్పదలచింది రాసి పంపు, నేనే చదివి వినిపిస్తాను. ఒక్క అక్షరం వదలను.

నీ అన్నయ్య
రవిబాబు


సీతంపేట,
అక్టోబరు 22, 2025.

నాయుడు తాతకీ, దిసారి మామకీ, అసిరమ్మ అత్తకీ, అరుగు మీద కూర్చున్న పెద్దలందరికీ సోంబరు కూతురు రమణి దణ్ణాలు.

ఇది నా మాట, గొంతు మాత్రం మా అన్నయ్యది. అక్కడక్కడ దగ్గొస్తే కొంచెం మంచినీళ్ళు ఇవ్వండి.

మీరు చెప్పిన ఆచారం నాకు నచ్చింది. ఆడపిల్ల చేత్తో నాటిన చెట్టు ఆడపిల్లదే. నేను ఒప్పుకుంటున్నాను. ఇప్పుడు నేను నాటిన చెట్లు ఏవో చెబుతాను.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా కాఫీ నారు ఇచ్చారు. అన్నయ్య అప్పుడు విశాఖపట్నంలో పనికి వెళ్ళాడు. నాన్న గోతులు తవ్వాడు. సంచుల్లో ఉన్న నారు రోడ్డు మీద దింపి లారీ వెళ్ళిపోతే, అమ్మా నేనూ తట్టల్లో పెట్టుకుని కొండ మీదికి మోశాం. ఆ వానాకాలమంతా నాటాం. అమ్మ పోయింది, ఆమె నాటినవాటికి కూడా ఆడపిల్లని నేనే ఉన్నాను. కాబట్టి పనస ఒక్కటే కాదు పెద్దలారా, ఆ కాఫీ తోట నాది.

కాఫీది చెట్టు కాదు, మొక్క అని మా అన్నయ్య అంటాడు. అనకపోతే మా అన్నయ్యే కాదు. హుద్‌హుద్ తుపానుకి సిల్వర్ ఓక్‌లు విరిగి తోట మీద పడ్డప్పుడు నష్టం రాసుకోవడానికి ఆఫీసరు వచ్చాడు గుర్తుందా? ఆయన "కాఫీ మొక్కలు" అని రాసుకుంటుంటే, మా అన్నయ్య తలగుడ్డ విప్పి, "మొక్కలు కావు బాబూ, సెట్లు. సెట్లని రాయండి" అన్నాడు. చెట్టుకిచ్చే పరిహారం ఎక్కువ కదా, మీరంతా అవునవునన్నారు. ఆ రోజు చెట్టయింది ఈ రోజు మొక్కెలా అయిందో మీరే అడగండి.

తుపానుకి పోయిన చోట మళ్ళీ నాటింది మా అన్నయ్యే. అవి ఆయనవి. ఆయన నాటినదాని మీద నాకు ఆశ లేదు.

మీ బిడ్డ
రమణి


చినగరువు,
నవంబరు 21, 2025.

చెల్లి రమణికి, ఆశీస్సులు.

పెద్దలు కూర్చుని చాలా రోజులైంది, ఇన్నాళ్ళూ రాయలేదని నువ్వు అలిగి ఉంటావు. ఒక పని పూర్తయ్యాకే రాద్దామని ఆగాను.

నీ ఉత్తరం చదివాను. హుద్‌హుద్ దగ్గరికి వచ్చేసరికి ఆ నాలుగు ముక్కలు వదిలేస్తే ఎవరికి తెలుస్తుంది అనిపించింది. గొంతు తగ్గించి చదివాను. దిసారి మామ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని మళ్ళీ చదవమన్నాడు. గట్టిగా చదివాను. అరుగంతా ఒకటే నవ్వు. నాయుడు తాత మాత్రం నవ్వలేదు, ఆ రోజు తన తోటకి కూడా ఆయన చెట్లనే రాయించుకున్నాడు కదా.

నేనూ ఊరికే ఒప్పుకోలేదులే. భుజం ఎత్తు దాటనివ్వకుండా ఏటా కత్తిరించేదాన్ని చెట్టని ఎలా అంటారని అడిగాను. అసిరమ్మ అత్త ఆకు చుట్ట ఆర్పి లేచింది. "కత్తిరిస్తే సెట్టు సెట్టు కాకుండా పోద్దేటి? మా రవిబాబుకీ నెలనెలా జుట్టు కత్తిరిస్తారు, మనిషి కాడేటి? తండ్రి గుంటలు తవ్వినాడు, ఇంటి ఆడగుంట నాటింది. ఇంకేటి తేల్సాల?" అంది. తేలిపోయింది. తుపాను తర్వాత నేను నాటిన కింది వరసలు నావి, మిగతా తోట నీది. ఇష్టంగా ఒప్పుకున్నానని అబద్ధం రాయను.

అక్కడితో లేచిపోయేవాళ్ళమే. గాసి ఆపాడు. చెట్లు చెల్లికి ఇచ్చారు మంచిదే, ఈ ఇంటి మట్టి మాత్రం ఎప్పటికీ మగవాళ్ళదేనని ఇప్పుడే కాగితం రాసి వేలిముద్రలు వేయిద్దాం, రేపు తగువుండదు అన్నాడు. నాకు అదీ నా మేలుకే అనిపించింది. కనీసం మట్టయినా దక్కుతుందని పెన్ను తీశాను.

అందరికీ టీ పోస్తున్న మీ వదిన గిన్నె కింద పెట్టింది. ఎప్పుడూ నలుగురిలో నోరు విప్పని మనిషి. "మనకి ఇద్దరూ ఆడగుంటలే. మట్టి మగోలదే అయితే, నీ తరవాత మన మట్టి ఎవలిది?" అని అడిగింది.

గాసి నేల చూశాడు. వాడికి ఇద్దరు కొడుకులు. నాకు మగ సంతానం లేదు కాబట్టి, వాడు రాయమన్న ప్రకారం నా తర్వాత అంతా వాడి కొడుకులది. ఇన్నాళ్ళూ వాడు నా తరఫున అంత గట్టిగా ఎందుకు మాట్లాడాడో నాకు అప్పటిదాకా తట్టలేదంటే నన్ను ఏమనాలో నువ్వే చెప్పు. నీకు దక్కకూడదని నేను చేసిన హడావుడంతా నాగలక్ష్మి కంచంలో కూడు తీసి గాసి కంచంలో పెట్టడానికే పనికొచ్చేది. పెన్ను జేబులో పెట్టేశాను.

అప్పుడు దిసారి మామని ఒకటే అడిగాను. మట్టి ఆడపిల్లకి లేదని ఎప్పుడు, ఎవరి తగువులో తేల్చారని. ఆయన నాయుడు తాత వైపు చూశాడు, అత్త వైపు చూశాడు. చివరికి, "తేల్సినేదు నాయనా. ఇన్నాల్లూ ఏ ఆడగుంటా అడగనేదు" అన్నాడు. లేని ఆచారాన్ని పట్టుకుని నీకు ఇన్నాళ్ళూ పాఠాలు చెప్పాను, రమణీ. పెద్దలు ఆ పూటే తేల్చేశారు, అడిగిన ఆడపిల్లకి మట్టిలో కూడా వాటా ఉందని. గాసి టీ తాగకుండా వెళ్ళిపోయాడు. రెండు రోజులకి మామూలుగానే పలకరించాడు, నేనూ పలికాను.

మొన్న సోమవారం ఆఫీసుకి వెళ్ళాను. మడులూ గరువూ తోటా అన్నిటికీ వారసులుగా రెండు పేర్లు ఇచ్చాను. అక్కడి గుమస్తా మైదానం కుర్రాడు, చదువుకున్నవాడు. నీ పేరు దగ్గర పెన్ను ఆపి, "చెల్లెలి పేరెందుకండీ? ఆ చట్టం మీకు లేదు కదా" అన్నాడు.

"మా ఇంట్లో ఉంది" అన్నాను.

నీ అన్నయ్య
రవిబాబు